వైడాల్ 1:80 అంటే టైఫాయిడేనా? మీ రిపోర్టులో రాసిన 'నార్మల్' ఎవరిది?

నాలుగు రోజులుగా జ్వరం. ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకున్నారు, మాత్రలు మింగారు, తగ్గలేదు. రక్తపరీక్ష చేయిస్తే రిపోర్టు వచ్చింది: వైడాల్ పాజిటివ్, 'ఓ' 1:80, 'హెచ్' 1:160. కాగితం చూసిన వెంటనే ఇంట్లో అందరూ 'టైఫాయిడ్' అని ఖాయం చేసేస్తారు. సాయంత్రానికి సెలైన్ ఎక్కుతుంది, వారం రోజుల ఇంజెక్షన్ల చీటీ చేతికొస్తుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఉండేవారికి ఇదేమీ కొత్త కాదు.

అయితే ఆ రిపోర్టు మీకు టైఫాయిడ్ ఉందని చెప్పలేదు. మీ రక్తంలో ఒక రకం యాంటీబాడీలు ఇంత మోతాదులో ఉన్నాయని చెప్పింది. ఆ మోతాదు ఎక్కువా, మామూలేనా అని తేల్చాలంటే ముందు ఇంకో సంగతి తెలియాలి. జ్వరమే లేని, ఆరోగ్యంగా తిరుగుతున్న మన ప్రాంతం మనుషులకు ఇదే పరీక్ష చేస్తే ఎంత వస్తుంది? ఆ అంకె తెలియకుండా రాసే 'పాజిటివ్' మీద నమ్మకం పెట్టుకోవడం కష్టం. దీనివల్ల ఖర్చు పెరగడమే కాదు, ఒక్కోసారి అసలు జబ్బుకు మందు పడటం ఆలస్యమవుతుంది.

'నార్మల్' అంకె ఎలా పుడుతుంది?

ఏ ల్యాబ్ రిపోర్టు తీసుకున్నా మీ విలువ పక్కన ఇంకో గడి ఉంటుంది. అందులో ఇంత నుంచి ఇంత వరకు అని ఉంటుంది. దాన్ని రిఫరెన్స్ రేంజ్ అంటారు. మనం వాడుకలో నార్మల్ అంటాం.

అది ప్రకృతి గీసిన గీత కాదు, లెక్క వేసి తీసిన గీత. అమెరికాకు చెందిన క్లినికల్ అండ్ లేబొరేటరీ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూట్ పద్ధతిని ప్రపంచమంతా వాడుతోంది. దాని ప్రకారం ఆరోగ్యవంతులు కనీసం 120 మందిని ఎంచుకుని అందరికీ ఒకే పరీక్ష చేస్తారు. వచ్చిన విలువలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పెడతారు. కింది నుంచి 3వ విలువ దగ్గర ఒక గీత, 118వ విలువ దగ్గర ఇంకో గీత. మధ్యలో పడేది 95 శాతం మంది. అదే రేంజ్. ఆడవాళ్లకూ మగవాళ్లకూ విలువలు వేరుగా ఉంటాయనుకుంటే ఒక్కో వర్గానికి 120 మంది కావాలి. పిల్లలకు మళ్లీ వేరు.

దీని అర్థం ఒకటుంది. ఏ జబ్బూ లేని వందమందిలో కూడా ఐదుగురు ఈ గీతల బయట పడతారు. లెక్కే అలా పెట్టారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలున్న 'ఫుల్ బాడీ ప్యాకేజీ' చేయించుకుంటే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్కటి తేడాగా వచ్చే అవకాశం 64 శాతం. రిపోర్టులో ఒక అంకె బోల్డ్‌గా కనిపించగానే కంగారు పడనక్కర్లేదని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ప్రతి ల్యాబూ 120 మందిని పోగుచేయలేదు. అందుకని ఇంకో తేలిక దారి ఉంది. వేరే చోట తేల్చిన రేంజ్‌ను తీసుకుని, స్థానికంగా 20 మంది ఆరోగ్యవంతులకు పరీక్ష చేసి చూడాలి. ఇద్దరికి మించి బయట పడకపోతే ఆ రేంజ్ ఇక్కడా వాడుకోవచ్చు. అంతకన్నా ఎక్కువమంది బయటపడితే ఇంకో 20 మందితో మళ్లీ చూడాలి. అప్పుడూ కుదరకపోతే సొంత రేంజ్ తయారు చేసుకోవాల్సిందే.

ఈ పరీక్షలకు ఊరితో పనేమిటి?

రక్తంలో సోడియం ఎంత ఉండాలన్నది తిరుపతిలో ఒకలా, టోక్యోలో ఒకలా ఉండదు. శరీరం దాన్ని ఇరుకైన హద్దుల్లో పట్టి ఉంచుతుంది. రోగనిరోధక శక్తికి సంబంధించిన కొలతలు అలా కాదు. యాంటీబాడీలంటే శరీరం రాసుకున్న జ్ఞాపకాలు. మీరు తాగిన నీళ్లు, చిన్నప్పుడు వచ్చిన జ్వరాలు, వేయించుకున్న టీకాలు, పొలంలో కుట్టిన పురుగులు అన్నీ అందులో నమోదవుతాయి. అందుకే ఒక ఊళ్లో మామూలుగా ఉండే మోతాదు ఇంకో ఊళ్లో జబ్బుకు గుర్తు కావచ్చు.

వైడాల్ పరీక్షను 1896లో ఫ్రెంచ్ వైద్యుడు ఫెర్నాండ్ వైడాల్ ప్రవేశపెట్టారు. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒంటిపై ఉండే 'ఓ', 'హెచ్' అనే పదార్థాలకు వ్యతిరేకంగా మన రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా అని ఇందులో చూస్తారు. సీరమ్‌ను రెట్టింపు చొప్పున పలచన చేస్తూ పోతారు: 1:20, 1:40, 1:80, 1:160, 1:320. మీ రిపోర్టులో 1:80 అని ఉంటే, 80 రెట్లు పలచన చేసినా బ్యాక్టీరియా గుంపుకట్టిందని అర్థం.

టైఫాయిడ్ ఎక్కువగా తిరిగే ప్రాంతాల్లో, ఎప్పుడో ఒకప్పుడు ఆ బ్యాక్టీరియా లేదా దాని చుట్టాలైన ఇతర సాల్మొనెల్లాలు సోకినవారు చాలామంది ఉంటారు. జ్వరం పోయినా యాంటీబాడీలు నెలల తరబడి మిగిలిపోతాయి. మన దేశంలో పలుచోట్ల ఆరోగ్యవంతులైన రక్తదాతలకు వైడాల్ చేసి చూస్తే కొన్నిచోట్ల 'ఓ' 1:80 దగ్గర గీత గీయడం సరిపోయింది, కొన్నిచోట్ల 1:160కి పెంచాల్సి వచ్చింది. 'హెచ్' గీత సాధారణంగా అంతకన్నా పైన ఉంటుంది. కిట్ డబ్బాలో ఉండే కాగితం మాత్రం దేశమంతటికీ ఒకే అంకె చెబుతుంది.

ఒక మెట్టు తేడా ఎంత మార్పు తెస్తుంది?

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి అర్థం కావడం కోసం ఊహించుకున్న అంకెలు. ఒక ఆసుపత్రికి వందమంది జ్వరంతో వచ్చారనుకోండి. వారిలో నిజంగా టైఫాయిడ్ ఉన్నది ఐదుగురికి. మిగతా 95 మందివి వేరే జ్వరాలు. మన ప్రాంతంలో టైఫాయిడ్ లేనివారిలో కూడా ప్రతి వందలో 20 మందికి 1:80 ఉంటుందనుకుందాం.

కటాఫ్ 1:80 దగ్గర పెడితే ఐదుగురిలో నలుగురు దొరికారనుకోండి. వారితోపాటు ఆ 95 మందిలో 19 మంది కూడా 'పాజిటివ్' అవుతారు. మొత్తం 23 పాజిటివ్‌లు. నిజమైన టైఫాయిడ్ నలుగురికే. మిగతా 19 మంది లేని జబ్బుకు మందులు వాడతారు.

కటాఫ్‌ను 1:160కి పెంచారనుకోండి. టైఫాయిడ్ లేనివారిలో ఆ మోతాదు వందకు ఐదుగురికే ఉంటే, తప్పుడు పాజిటివ్‌లు 19 నుంచి ఐదుకు పడిపోతాయి. కానీ అసలు రోగుల్లో ఇంకొకరు జారిపోయి ముగ్గురే దొరకవచ్చు. గీత ఎక్కడ గీసినా ఏదో ఒకటి పోతుంది. ఎంత పోతుందో తెలిసి గీయాలంటే స్థానిక లెక్క కావాలి. జారిపోయిన వారిని పట్టుకోవడానికి వేరే పరీక్ష కావాలి. ఆ పరీక్ష బ్లడ్ కల్చర్.

టైఫాయిడ్ మనకు లేదని ఎవరూ అనడం లేదు. చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరుతోపాటు ఢిల్లీ, కోల్‌కతా, పుణెలలో పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, బ్లడ్ కల్చర్‌తో నిర్ధారించిన అధ్యయనం 2023లో వెలువడింది. ఏడాదికి లక్షమంది పిల్లల లెక్కన చూస్తే పట్టణ కేంద్రాల్లో 576 నుంచి 1,173 వరకు కేసులు తేలాయి. పుణె దగ్గరి గ్రామీణ ప్రాంతంలో 35 మాత్రమే. ఒకే దేశంలో ఇంత తేడా ఉన్నప్పుడు, ఒకే కటాఫ్ అన్ని చోట్లా ఒకేలా పనిచేస్తుందని ఎలా అనుకుంటాం?

అసలు ప్రమాదం: వైడాల్ మాటున దాక్కునే స్క్రబ్ టైఫస్

లేని టైఫాయిడ్‌కు మందు వాడితే డబ్బే కదా పోయేది అని మీరనుకోవచ్చు. మన రెండు జిల్లాల్లో అంతకు మించిన చిక్కు ఉంది. వానాకాలం చివర, చలికాలం మొదట్లో ఇక్కడ స్క్రబ్ టైఫస్ కేసులు వస్తుంటాయి. పొదల్లో, గడ్డిలో, పొలం గట్ల మీద ఉండే చిగ్గర్ అనే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుట్టడం వల్ల ఇది వస్తుంది. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులతో మొదలవుతుంది. అచ్చం టైఫాయిడ్ లాగే ఉంటుంది.

ఈ జబ్బు ఉన్న మనిషికి వైడాల్ చేస్తే, పాత యాంటీబాడీల వల్ల 1:80 కనిపించవచ్చు. 'టైఫాయిడ్' అని సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. టైఫాయిడ్‌కు అది మంచి మందే. స్క్రబ్ టైఫస్ మీద అది పనిచేయదు. దానికి డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ కావాలి. సకాలంలో ఇస్తే రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చాలా చవకగా దొరికే మాత్రతో పోయే జబ్బు ఐసీయూ దాకా తీసుకెళ్లేది ఇలాంటి ఆలస్యం వల్లే.

స్క్రబ్ టైఫస్ పరీక్షకూ ఇదే చిక్కు ఉంది. వెయిల్-ఫెలిక్స్ అనే పాత పరీక్ష వైడాల్ లాంటిదే, టైటర్ ఎక్కడి నుంచి లెక్కలోకి తీసుకోవాలన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఐజీఎం ఎలైజా. అందులో రంగు ఎంత చిక్కగా వచ్చిందో యంత్రం అంకెగా చెబుతుంది. రికెట్సియల్ వ్యాధులపై ఐసీఎంఆర్ 2015 మార్గదర్శకాలు ఆ అంకెకు 0.5ను కటాఫ్‌గా పెట్టాయి. ప్రాంతాల మధ్య తేడాలున్నందున స్థానికంగా బేస్‌లైన్ తేల్చుకోవాలని కూడా చెప్పాయి. జబ్బు బలంగా అనుమానిస్తే ల్యాబ్ ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలన్నది ఇంకో ముఖ్యమైన సూచన.

'మామూలు' అన్నా 'మంచిది' అన్నా ఒకటేనా?

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. స్థానికుల విలువలే నార్మల్ అనేస్తే, ఊరంతా ఉన్న జబ్బును కూడా నార్మల్ అన్నట్టు కాదా?

ఇసినోఫిల్స్ సంగతి చూడండి. ఈ రక్తకణాలు అలర్జీలు, కడుపులో నులిపురుగులు ఉన్నప్పుడు పెరుగుతాయి. చెప్పుల్లేకుండా తిరిగే, నులిపురుగులు ఎక్కువగా ఉన్న ఊళ్లో నుంచి 120 మందిని తీసుకుంటే పై గీత బాగా పైకి పోతుంది. దాన్ని అలాగే నార్మల్ అని అచ్చేస్తే నులిపురుగులకు మర్యాద ఇచ్చినట్టే. అందుకే 'ఆరోగ్యవంతులు' అనే మాటను ముందే గట్టిగా నిర్వచించాలి. ఇటీవల జ్వరం వచ్చిందా, ఆల్బెండజోల్ వేసుకున్నారా, ఏ టీకాలు వేయించుకున్నారు, గర్భిణా, పొగ తాగుతారా అన్నీ అడిగి, పనికిరాని వారిని పక్కన పెట్టాలి.

ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోవాలి. రిఫరెన్స్ రేంజ్ వేరు, చికిత్స నిర్ణయించే గీత వేరు. హెచ్‌ఐవీలో చూసే సీడీ4 కౌంట్ దీనికి మంచి ఉదాహరణ. మగవారికన్నా ఆడవారిలో సీడీ4 కొంచెం ఎక్కువ. ఒకే మనిషిలో కూడా ఉదయం కన్నా సాయంత్రం ఎక్కువ ఉంటుంది. పుణెలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వివిధ ప్రాంతాల్లో ఆరోగ్యవంతులను పరీక్షించి, 2011లో భారతీయులకంటూ ఒక రేంజ్‌ను ప్రచురించారు. కానీ 200 అనే గీత ఆ లెక్కలోంచి వచ్చింది కాదు. అంతకన్నా తగ్గితే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు పట్టుకుంటాయని రోగులను గమనించి తేల్చింది. 2004లో ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలైనప్పుడు చికిత్సకు ఆ గీతే ఆధారం. తర్వాత దాన్ని పెంచుతూ పోయి, 2017 నుంచి సీడీ4 ఎంతున్నా అందరికీ మందులిస్తున్నారు. జబ్బు గురించి తెలిసింది పెరిగేకొద్దీ చికిత్స గీత మారింది. ఆరోగ్యవంతుల రేంజ్ మాత్రం అక్కడే ఉంది.

ఈ పని ఎవరు చేయాలి?

వైద్య ల్యాబ్‌ల నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189. మన దేశంలో దాని ప్రకారం గుర్తింపు ఇచ్చేది ఎన్‌ఏబీఎల్. ప్రతి పరీక్షకు వాడే రేంజ్ ఎక్కడి నుంచి వచ్చిందో ల్యాబ్ రాసి పెట్టుకోవాలని, అప్పుడప్పుడు సరిచూసుకోవాలని, పరీక్ష పద్ధతి మారితే రేంజ్‌ను కూడా సమీక్షించాలని ఆ ప్రమాణం చెబుతుంది. అయితే ఈ గుర్తింపు తీసుకోవడం స్వచ్ఛందం. వీధి చివరి చిన్న ల్యాబ్‌కు అది లేకపోవచ్చు. ఆ ల్యాబ్ కిట్ కాగితంలోని అంకెనే అచ్చు వేస్తుంది. దాన్ని తప్పుపట్టి లాభం లేదు, ఇరవై మందిని పోగుచేసి పరీక్షించే స్తోమత దానికి ఉండదు.

కాబట్టి ఇది ప్రభుత్వ రంగం చేయాల్సిన పని. అందుకు కావాల్సినవన్నీ మన దగ్గరే ఉన్నాయి. తిరుపతిలో 1960 నుంచి ఎస్వీ మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా రుయా ఆసుపత్రి ఉన్నాయి. 1993 నుంచి స్విమ్స్ ఉంది. 2020లో కోవిడ్ పరీక్షలు చేసిన వైరాలజీ ల్యాబ్ అందులోనే ఉంది. చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. ఈ ఆసుపత్రుల బ్లడ్ బ్యాంకులకు రోజూ ఆరోగ్యవంతులైన దాతలు వస్తారు. వారి అనుమతితో, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో, పరీక్షలకు తీసిన రక్తంలో మిగిలిన సీరమ్‌తోనే వైడాల్, స్క్రబ్ టైఫస్ బేస్‌లైన్ తేల్చవచ్చు. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు.

ఒక జాగ్రత్త ఉంది. రక్తదాతల్లో యువకులైన మగవారే ఎక్కువ. వారి అంకె పిల్లలకు, ఆడవారికి, ముసలివారికి నేరుగా సరిపోదు. కాబట్టి గర్భిణులు కాని మహిళలను, బడి పిల్లలను విడిగా చేర్చాలి. తిరుపతి నగరంలో కుళాయి నీళ్లు తాగేవారు, పల్లెల్లో బోరు నీళ్లు తాగేవారు ఇద్దరూ ఉండాలి. స్క్రబ్ టైఫస్ కోసం వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చూడాలి. తేలిన అంకెను రెండు జిల్లాల్లోని పీహెచ్‌సీలకు, ప్రైవేటు ల్యాబ్‌లకు పంపాలి. కొన్నేళ్లకొకసారి మళ్లీ చూడాలి. నీళ్లు బాగుపడి, టైఫాయిడ్ టీకా వేయించుకునేవారు పెరిగి, జబ్బు తగ్గేకొద్దీ బేస్‌లైన్ కూడా దిగుతుంది.

అప్పటిదాకా మీరేం చేయాలి?

జ్వరం ఏ రోజు మొదలైందో రాసి పెట్టుకోండి. టైఫాయిడ్ యాంటీబాడీలు కనిపించడానికి వారం, పది రోజులు పడుతుంది. జ్వరం వచ్చిన రెండో రోజే చేసిన వైడాల్ పాజిటివ్ వస్తే అది చాలావరకు పాత జ్ఞాపకమే. నెగటివ్ వచ్చినా టైఫాయిడ్ లేదని చెప్పలేం.

యాంటీబయాటిక్ మొదలుపెట్టేముందే బ్లడ్ కల్చర్ తీయించే వీలుందా అని డాక్టర్‌ను అడగండి. అది కూడా పదిమంది టైఫాయిడ్ రోగుల్లో ఆరుగురినే పట్టుకుంటుంది, ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. కానీ పాజిటివ్ వస్తే జబ్బు ఖాయం. ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. మందు పడ్డాక తీస్తే దొరికే అవకాశం తగ్గిపోతుంది.

వైడాల్ చేయించాల్సి వస్తే స్లైడ్ మీద చేశారా, ట్యూబుల్లో చేశారా అని ల్యాబ్‌ను అడగండి. స్లైడ్ పద్ధతి నిమిషాల్లో అయిపోతుంది, కానీ అది ముతక అంచనా. పాజిటివ్ అనడానికి వాడిన కటాఫ్ కిట్ కాగితంలోదా, స్థానికంగా సరిచూసిందా అని కూడా అడగండి. ఇది అడగడానికి మొహమాటపడకండి.

ఒక్క రిపోర్టు కన్నా రెండు రిపోర్టుల తేడా ఎక్కువ చెబుతుంది. వారం, పది రోజుల తేడాతో అదే ల్యాబ్‌లో చేస్తే టైటర్ నాలుగు రెట్లు, అంటే 1:80 నుంచి 1:320కి పెరిగితే అది కొత్త ఇన్ఫెక్షన్‌కు గుర్తు. 1:80 కాస్తా 1:160 అయితే, ఒక ట్యూబు అటూ ఇటూ కావడం ఈ పరీక్షలో మామూలే. అలాగే 'తగ్గిందో లేదో చూద్దాం' అని మందులయ్యాక మళ్లీ వైడాల్ చేయించకండి. జబ్బు పోయినా అది నెలల పాటు పాజిటివ్‌గానే ఉంటుంది. దాన్ని చూసి మరో కోర్సు మందులు వాడటం వృథా.

స్నానం చేసేటప్పుడు ఒళ్లంతా ఒకసారి చూసుకోండి. చంకలు, గజ్జలు, నడుము చుట్టూ, ఆడవారైతే రొమ్ముల కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కనిపిస్తే డాక్టర్‌కు తప్పక చూపించండి. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు, అందుకే చాలామంది గమనించరు. అది లేనంత మాత్రాన స్క్రబ్ టైఫస్ కాదని అనుకోకండి. పొలానికో, అడవి అంచుకో, మేకల వెంటో వెళ్లారా అన్నది కూడా డాక్టర్‌కు చెప్పండి.

టైఫాయిడ్ అని మందు మొదలుపెట్టాక కూడా జ్వరం దిగకుండా ఆయాసం, మగత, మూత్రం తగ్గడం లాంటివి కనిపిస్తే రిపోర్టు పట్టుకుని ఇంట్లో కూర్చోకండి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. డాక్టర్ ఇచ్చిన యాంటీబయాటిక్‌ను మీ అంతట మీరు మధ్యలో ఆపేయకండి. టైఫాయిడ్ నిజంగా ఉంటే అదీ ప్రమాదమే.

మీ మండలంలో పీహెచ్‌సీకి వెళ్లినప్పుడు, ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో మీకు తెలిసినవారుంటే వారితో మాట్లాడినప్పుడు ఒక్క మాట అడిగి చూడండి: మన జిల్లాకు వైడాల్ బేస్‌లైన్ ఎంత? దానికి జవాబుగా ఒక అంకె, ఆ అంకె తేల్చిన సంవత్సరం మీకు చెప్పగలిగితే, మీ చేతిలోని రిపోర్టులో 'పాజిటివ్' అనే మాటకు అప్పుడు విలువ ఉంటుంది.